వేలంలో పోయిన ద్రాక్షతోట, బావి పక్కన ఖాలా

కోర్టు వేలంలో ఆస్తి కొన్నవాడికి ఆస్తి ఒక్కటే వస్తుందా, దాని మీద అప్పటికే ఉన్న బాధ్యతలు కూడా వెంట వస్తాయా? ఈ ప్రశ్న నన్ను చాలా కాలం కుదురుగా అన్నం తిననివ్వలేదు. నేను వకీలును కాను. పదో తరగతి చదివి, సమన్లు పంచే పనిలో చేరి, అమీనుగా రిటైరైనవాణ్ణి. జడ్జిగారు కాగితం మీద రాసిన తీర్పును ఊళ్లోకి తీసుకెళ్లి జరిపించేవాడే అమీను. జప్తు చేయడం, దండోరా వేయించడం, వేలం పాడించడం, గెలిచినవాడికి స్వాధీనం ఇప్పించడం. మంచి పనులేం కావు. మా రాకను చూసి సంతోషపడిన ఇల్లు ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

కొత్తగా ఈ నౌకరీలో చేరిన పిల్లలు "గీ సెక్షన్లన్ని నీకెట్లెర్క తాతా?" అని అడుగుతుంటారు. లైబ్రరీ నాయనా, ఇంకెక్కడ! సమను తీసుకోవాల్సిన మనిషి ఇంట్లో లేకపోతే సాయంత్రం దాకా ఆగాలి. ఆ ఆగే సమయమంతా నేను మేడ్చల్ లైబ్రరీలో గడిపాను. మొదట్లో ఫ్యాను కింద కూర్చోవడానికి వెళ్లాను. తరువాత నవలలు. ఆ తరువాత ఒకరోజు తెలుగులో రాసిన చట్టాల పుస్తకం చేతికి తగిలింది. నేను ఇన్నేళ్లుగా మోస్తున్న కాగితాల వెనక ఇంత కథ ఉందా అని నాకు పిచ్చెక్కినంత పనైంది. అప్పటి నుంచి మా నాజరు సాబ్, అంటే మా అమీన్లందరి మీద పెద్ద, నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "లైబ్రరీ" అని పిలిచేవాడు. ఎగతాళికే. నాకు మాత్రం బిరుదులా ఉండేది.

ఇక తోట సంగతి. 2011, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. లాల్‌గడి మలక్‌పేట్ దాటాక, తుర్కపల్లి ల్యాబుల క్యాబులు తిరిగే రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది ఆ తోట. ఒకప్పుడు అక్కడి నుంచి అనాబ్ షాహీ ద్రాక్ష లారీలకెక్కి పట్నం పోయేదట. నీళ్లు అడుగంటి తీగలు ఎండిపోయాయి. పందిరి మోసిన రాతి కడీలు మాత్రం వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. ఒక మూలన పాత బావి, దాని పక్కన రెండు గదులు. ఆ గదుల్లో ఊరంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే పెద్దామె ఒక్కతే ఉండేది. తోట ఆమె సవతి కొడుకుది. చెడ్డవాడేం కాదు. బోరు మీద బోరు వేయించి, ఎరువుల వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి, తీర్చలేక తుర్కపల్లిలో క్యాబు నడుపుకొంటున్నాడు. వ్యాపారి దావా వేశాడు, గెలిచాడు, తోట జప్తయింది, వేలానికి వచ్చింది.

వేలం ప్రకటనలో ఒక గడి ఉంటుంది. ఆ ఆస్తి మీద అప్పటికే ఎవరికైనా హక్కులు, తాకట్లు ఉన్నాయా అని. వ్యాపారి తరఫువాళ్లు "ఏమీ లేవు" అని రాసిచ్చారు. కావాలని దాచిందేం లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా, తీస్తే ఏమీ కనబడలేదు, అదే రాశారు.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. ప్రకటన నేను చదవాలి, ఊరి డప్పాయన చాటాలి. నేను చదివేది "డిక్రీదారునకు రావలసిన సొమ్ము నిమిత్తము దిగువ షెడ్యూలు ఆస్తి" అంటూ సాగే భాష. ఊళ్లో ఎవరికీ ముక్క అర్థం కాదు. అందుకని డప్పాయన దాన్ని తన మాటల్లోకి తెచ్చి చెబుతాడు. రూలు ఎట్లా ఉన్నా, జనం వినేది ఆయన మాటే. ఆ రోజు నేను చదవడం అయిపోగానే ఆయన డప్పు కొట్టి గొంతెత్తాడు.

"ఇనుండ్రహో! ఖాలా ఉన్న ద్రాచ్చతోట ఏలమైతాందహో! కొనేటోల్లు కొనుండ్రి! గని ఖాలా తిండి, ఖాలా ఉండుడు గా తోట మీదనే ఉన్నదహో! ఆమె ఉన్నన్ని దినాలు ఆమెను లేపరాదహో!"

నేను గబుక్కున డప్పు మీద చెయ్యి వేశాను.

"అన్నా, కాయితంల లేని ముచ్చట చాటకు. నా నౌకరి పోతది."

"కాయితంల లేకుంటేంది సారూ, ఊర్ల ఉన్నది గద! గది జెప్పకుంట ఏలమొక్కటే చాటితె, రేపు నా ఇంటి ముంగటికొచ్చి తిడుతరు, దొంగ దండోర ఏసినవని."

"తోట మీద ఉన్నదని ఎవలు జెప్పిండ్రు నీకు?"

"కోర్టే జెప్పింది. మీది గాదు, పట్నం కోర్టు. నన్నడుగుడు దేనికి, ఆమెనే అడుగు."

ఖాలా గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"హౌ అమీన్ సాబ్. మా ఆయన గుజరిపోయినంక కొడుకు, నేను కోర్టుల రాజీ అయినం. నేను బతికినన్ని దినాలు గీ కమ్రాలల్ల ఉంట. తోట మీదికెళ్లి నాకు తినేతందుకు గింజలు రావాలె. జడ్జి సాబ్ అడిగిండు, ఖుషీతోని ఒప్పుకుంటున్నవా అని. హౌ అన్న. ఇగ అయిపాయె గద?"

పుస్తకంలో ఛార్జి అని చదివింది ఇదే! ఛార్జి అంటే తాకట్టు కాదు, అమ్మకం కాదు. ఫలానా బాధ్యతకు ఫలానా ఆస్తి జవాబుదారీ అని మోపడం. అలాంటిది నా కళ్లెదుట చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"అయిపోలె ఖాలా. గీ ముచ్చట నాకు గాదు, జల్దీ పోయి వకీలుకు చెప్పు," అన్నాను. అమీను అంతకంటే చెప్పకూడదు.

తోట గట్టున అప్పటికే ఒక తెల్ల జీపు ఆగి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల కూర్చున్నాయన మేడ్చల్ చుట్టుపక్కల లేఅవుట్లు వేసే మనిషి. దండోరా ముగిసేదాకా ఉండి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పాక నాజరు సాబ్ నా మొహం చూశాడు.

"ఏం లైబ్రరీ, గట్లున్నవేంది? బువ్వల రాయొచ్చిందా?"

చెప్పాను. ఆయన పచ్చడి కలుపుకొంటూ నవ్వాడు.

"కోర్టు అమ్మిందంటే అమ్మిందే. పాత లొల్లులన్ని సాఫ్. లేకుంటే కోర్టు ఏలంల ఎవడన్న కొంటడా?"

"గట్లెట్లయితది సార్! బాకీ ఉన్నోనికి ఎంత హక్కున్నదో అంతనే గద కోర్టు అమ్మేది? వాని తోట మీద బరువుంటే, కొన్నోనికి బరువు లేకుంట ఎట్లొస్తది?"

"నువ్వు జడ్జివైనంక జెప్పు, గప్పుడు ఇంట."

ఆ వరండాలో మా ఇద్దరి గొంతులు ఎంత లేచాయంటే, కాపీయింగ్ సెక్షన్ వాళ్లు బయటికి వచ్చి చూశారు. ఇద్దరికీ మేమే కరెక్టన్న ధీమా.

ఖాలా వకీలును వెతికే లోపే వేలం రోజు వచ్చేసింది. ఉద్యమం కోసం వకీళ్లు రోజుల తరబడి కోర్టులు బహిష్కరిస్తున్నారు, ఆమె వెళ్లినప్పుడల్లా ఛాంబర్లకు తాళాలే. వేలం తోటలోనే జరిగింది. ఊరివాళ్లు గుంపుగా వచ్చారు గాని ఒక్కరూ పాట పాడలేదు. శామీర్‌పేట నుంచి వచ్చిన ఒకాయన డప్పాయనతో ఏదో మాట్లాడి, ఖాలా గదుల వంక చూసి, చెప్పులు దులుపుకొని వెళ్లిపోయాడు. ఇంకో ఇద్దరు నాలుగు పాటలు పాడి ఆగిపోయారు. లేఅవుట్ ఆయనకు తోట చవగ్గా పడింది. సవతి కొడుకు దూరంగా క్యాబుకు ఆనుకొని నిలబడ్డాడు. వేలం అయ్యాక ఖాలా దగ్గరికి వెళ్లి ఏదో అనబోయి, అనలేక, బండి ఎక్కాడు.

ఆ వారం లైబ్రరీలో నేను వెతకని బీరువా లేదు. ఒక సాయంత్రం లైబ్రేరియన్ ఒక్కో ఫ్యాను ఆపుకుంటూ వస్తుంటే దొరికింది! ఆస్తి బదిలీ చట్టం మీద తెలుగు వ్యాఖ్యానం, అట్ట ఊడిపోయిన పుస్తకం. తాకట్టు అయితే ఆస్తి ఎవరి చేతికి పోయినా వెంటే పోతుంది. ఛార్జి అలా కాదు. వేరే చట్టం ప్రత్యేకంగా చెబితే తప్ప, ఖరీదు కట్టి, ఛార్జి సంగతి తెలియకుండా కొన్నవాడి మీద అది చెల్లదు. తెలిసి కొన్నవాడి మీద చెల్లుతుంది. ఆ పేజీ చదివి నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. అంటే నేను తప్పు. నాజరు సాబూ తప్పు. కోర్టు వేలం అన్నీ కడిగేయదు, అన్నీ మోసుకురాదు. మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలిచి ఉంది. కొన్నాయనకు తెలుసా, తెలియదా?

ఇంకో పేరా చదువుదామంటే "లైటు తీస్తున్న," అన్నాడు లైబ్రేరియన్. "ఒక్క నిమిషమన్నా," అని బతిమిలాడి చదివాను. తెలియడం అంటే చెవిన పడటం ఒక్కటే కాదట. అడిగితే తెలిసేదాన్ని కావాలని అడగకుండా ఉండటం కూడా తెలిసినట్టే లెక్కట. పరీక్ష పాసైన పిల్లాడిలా సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాను.

పొద్దున్నే నాజరు సాబ్ బల్ల దగ్గరికి పరిగెత్తాను. "సార్, మనిద్దరం ఓడినం!"

"ఓడినోడు గింత ఖుషీగ ఉంటడా?" అన్నాడాయన.

నా ఖుషీ ఎన్నాళ్లో నిలవలేదు. వేలం ఖాయమై, స్వాధీనం ఇప్పించమని వారెంటు నా చేతికే వచ్చింది. అదే చేతులతో ఖాలాను గదుల్లోంచి బయటికి పంపాలి. ఎవరి వాదం నెగ్గుతుందన్న ముచ్చట అప్పటిదాకా నాకు ఆటలా ఉంది. వారెంటు మడిచి జేబులో పెట్టుకున్నాక ఆట కాలేదు. బయటికి పంపితే ఆమె ఎక్కడికి పోతుంది? కొడుకు అద్దె గదిలో ఆరుగురు.

నేను వెళ్లేసరికి లేఅవుట్ ఆయన కొత్త తాళం పట్టుకొని గదుల ముందు ఉన్నాడు. వెనక జేసీబీ ఉరుముతోంది. ఖాలా గడప మీద నుంచి కదల్లేదు.

"ఏలంల కొన్నమ్మా. కాయితంల నీ పేరు లేదు," అన్నాడాయన.

"నీ కాయితంల నా పేరెందుకుంటది బేటా? తోటను గద కొన్నవ్, నన్ను కొన్నవా?"

చుట్టూ మూగిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. నేను కలం తీశాను. చట్టం ప్రకారం ఆ సమయంలో అమీను అడగాల్సింది ఒకటే.

"ఖాలా, ఎల్తవా, ఎల్లవా? గట్టిగ జెప్పు, రాసుకోవాలె."

"నై జాతీ. రాస్కో. పెద్ద అచ్చరాలతోని రాస్కో."

అడ్డుకున్నారని రాసి, వారెంటు వెనక్కి పంపాను. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపి ఖాలా దగ్గర మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడు. దాంతో కోర్టులో విచారణ మొదలైంది. ఈసారి ఖాలా తరఫున ఒక వకీలమ్మ నిలబడింది. లీగల్ ఎయిడ్ నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి. రాజీ డిక్రీ నకలు తీయించి దాఖలు చేసింది. ఛార్జి ఉందనేది తేలిపోయింది. మిగిలింది నేను లైబ్రరీలో చూసిన ప్రశ్నే. కొన్నాయనకు తెలుసా?

అందరి ఆశా దండోరా మీదే. డప్పాయన బోనెక్కి "చాటిన" అన్నాడు. "జీపులున్న సారు ఇన్నడా?" అంటే "అద్దాలేసుకొని కూసుండె. ఇన్నడో, నిద్రవొయిండో" అన్నాడు. తరువాత నన్ను పిలిచారు. నేనూ అంతే చెప్పాను. జీపు ఉంది, అద్దాలు ఎత్తి ఉన్నాయి, వినబడిందో లేదో చెప్పలేను. ఖాలా నా వంకే చూస్తోంది. అబద్ధం ఆడటం నా చేతిలో పనే, ఒక్క మాట. కానీ నేను చూసింది అద్దాలనే. ఆయన వకీలు సంతోషంగా కూర్చున్నాడు. దిగి వస్తుంటే తలుపు దగ్గర నాజరు సాబ్ "పాయె, లైబ్రరీ" అని గొణిగాడు.

అప్పుడు లేఅవుట్ ఆయన వంతు వచ్చింది. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. దండోరా వినలేదు, ప్రకటనలో ఏమీ లేదు, అమాయకంగా కొన్నాను అని చెప్పాడు. వకీలమ్మ మెల్లగా లేచింది. దండోరా ఊసే ఎత్తలేదు.

"కొనే ముందు తోట చూసుకున్నారా, లేక చూడకుండానే కొనేశారా?"

ఆ మాటకు ఆయనకు రోషం వచ్చింది. "చూడకుంట కొంటనా మేడం! ఇరవయ్యేండ్ల సంది గిదే పని జేస్తున్న. మన్ను చూసిన, తొవ్వ చూసిన, బావిల నీళ్లు సుత నోట్లె పోసుకొని చూసిన. సల్లగ, తియ్యగున్నయి."

"నీళ్లు ఎట్లా తోడారు?"

"బొక్కెనతోని."

"మీ బొక్కెనా?"

"నాదెందుకుంటది? ఆడనే ఉన్న ముసలామె ఇచ్చింది."

"ఆమె ఎవరు, అక్కడ ఎందుకు ఉంటోంది అని అడిగారా?"

ఆయన వకీలు లేవబోయాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. లేఅవుట్ ఆయన మాత్రం, పిల్లలకు పాఠం చెప్పే పంతులు ధోరణిలో నవ్వాడు.

"అడగలె. మా ధందల ఎవ్వలు అడగరు మేడం. అడిగితె లేని పంచాయితి నెత్తినేసుకున్నట్టే. అడగకుంటే మనకు తెల్వనట్టే గద!"

నేను బెంచీ మీద నుంచి సగం లేచాను. బంట్రోతు భుజం పట్టి కూర్చోబెట్టాడు. పుస్తకంలో ఉన్నది, ఒక్క ముక్క పోకుండా, ఆయన తన తెలివి అనుకొని నిండు కోర్టులో చెప్పేశాడు! లేఅవుట్లు వేసేవాళ్లందరికీ అదే అలవాటు. గుడిసె ఉంటే ఎవరిదని అడగరు, పొయ్యిలో పొగ వస్తుంటే మొహం తిప్పుకొంటారు. ఇరవై ఏళ్లుగా వాళ్లను కాపాడిన ఆ అలవాటే చట్టం దృష్టిలో తెలియడం అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వకీలమ్మ "ఇంక ప్రశ్నలు లేవు" అని కూర్చుంది.

2012లో ఉత్తర్వు వచ్చింది. కొనుగోలు చెల్లుతుంది, తోట ఆయనదే. అయితే విచారించకుండా కావాలని ఊరుకున్నాడు కాబట్టి ఛార్జి సంగతి తెలిసి కొన్నట్టే. ఖాలా జీవించి ఉన్నంతకాలం ఆ రెండు గదులూ, బావి నీళ్లూ ఆమెవి. తినడానికి అనువైన బియ్యం ఏటేటా కొన్నాయనే ఇవ్వాలి. వరండాలో ఖాలాకు వకీలమ్మ అర్థం చేసి చెబుతుంటే, ఆమె అంతా విని "మల్ల నేను మొదట్ల అదే గద చెప్పిన?" అంది.

పిల్లలూ, మీకు చెప్పదలచింది ఇదే. వేలంలో కొన్నవాడు బరువుతో కొన్నాడా, బరువు లేకుండా కొన్నాడా అని ఎవరైనా అడిగితే, "అవును" అనో "కాదు" అనో జల్దీగా చెప్పేవాణ్ణి నమ్మకండి. నేనూ, నాజరు సాబూ అట్లాగే చెప్పి ఇద్దరం ఓడాం. ఏ రకం బరువు అని అడగండి. కొన్నవాడికి తెలుసా అని అడగండి. ఆ మీదట వెళ్లి ఆ తోట గడపలో ఎవరు కూర్చున్నారో చూడండి.

మొదటి ఏడాది బియ్యం ఇచ్చే రోజు, ఉత్తర్వు అమలైందని రాసుకోవడానికి నన్ను పంపారు. రాతి కడీలు పీకేశారు. తోట నిండా సున్నంతో ప్లాట్ల గీతలు. అన్నీ నిటారుగా పోతున్న రోడ్లలో ఒక్కటి మాత్రం బావి దగ్గరికి వచ్చేసరికి వంగి, గదులను చుట్టుకొని, మళ్లీ నిటారుగా పోయింది. లేఅవుట్ ఆయన జీపు దిగి, బస్తా తానే భుజాన వేసుకొచ్చి గడప ముందు దించాడు. పనివాళ్లు చూస్తుండగా గొప్పగానే దించాడు.

ఖాలా బస్తా మూతి విప్పింది. గుప్పెడు బియ్యం తీసి వాసన చూసింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, మిగతావి బస్తాలోకి వదిలేసింది.

"కొత్త బియ్యం బేటా. వండితె ముద్దయితయి, కడుపుల నొస్తది. వాపస్ తీస్కపో. పాతయి తే."

"అమీన్ సాబ్!" ఆయన నా వైపు తిరిగాడు. "గిదేం జులుం? ఆర్డర్ల పాతయి అని ఉన్నదా?"

నేను కాగితం విప్పాను. "తినడానికి అనువైన" అని ఉంది. చదివి వినిపించాను.

"తినేది ఎవలు?" అంది ఖాలా.

ఆయన బస్తా వంక చూశాడు, వంగిన రోడ్డు వంక చూశాడు. పనివాళ్లు గునపాలు ఆపి చూస్తున్నారు.

"మంచిది, రేపు డ్రైవర్‌తోని పంపిస్త."

"డ్రైవర్‌కు బియ్యం గురించి ఏం తెల్సు? నువ్వే తే. నేను చూసి తీస్కుంట."

బావి గిలక మీద వాలిన పావురం లేచిపోయింది.

"సరే ఖాలా," అని ఆయన వంగి, బస్తా మూతి కట్టి, మళ్లీ భుజానికెత్తుకున్నాడు.